రెండు చుక్కల మందు

కాకినాడ పోర్టుకెళ్లే రోడ్డు మీద చెక్‌పోస్టులో నా ఉద్యోగం. లారీలోని బియ్యం సంచికి గొట్టం గుచ్చి, పిడికెడు గింజలు ప్లేటులో పోసి, రెండు చుక్కల మందు వేస్తాను. కొన్ని గింజలు ఎర్రబడ్డాయా, అవి రేషన్ బియ్యమన్నమాట, ఓడెక్కకూడదు. కాగితం రాసి సంతకం పెడతాను. మిగతాది ఆఫీసర్లు చూసుకుంటారు.

ఆ ఎర్రబడేవి బలం కోసం గవర్నమెంటు కలిపిన గింజలు. మా అమ్మకి మాత్రం అవి ప్లాస్టిక్ బియ్యం. "డిగ్రీ చదివావు, బియ్యానికీ ప్లాస్టిక్కీ తేడా తెలీదేంటే నీకు?" అని నన్నే దులిపేస్తుంది. ప్రతి నెలా కోటా బియ్యం ఇంటికి రాగానే, వీధిలోకి ఆటో వేసుకొచ్చే ఆయనకి అమ్మేసి, పైన కాస్త వేసుకుని సన్నబియ్యం కొంటుంది. ఆయన అమ్మని వదినగారూ అంటాడు, నేను బాబాయ్ అంటాను. అది నేరమే అమ్మా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "మన బియ్యం మనం అమ్ముకుంటే నేరమేంటి? అయినా దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అంటుంది. నాకు ఒళ్లు మండేది. మళ్లీ ఆ సన్నబియ్యం అన్నమే బాక్సులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లేదాన్ని. ఇదేం న్యాయమో నాకే అర్థమయ్యేది కాదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం బాబాయ్ ఆటోనే ఆపారు. పోర్టు పక్కన గోడౌనుకి వెళ్తున్నాడట. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు. వాళ్లిల్లు గడిచేది ఆ ఆటో మీదే, కేసయితే అది స్టేషన్లో తుప్పు పట్టాల్సిందే.

చుక్కలు వేశాను. ఎర్రబడకుండా ఉంటే బాగుండు దేవుడా అని ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి అనుకున్నాను. ఎర్రబడ్డాయి.

"ఎవరెవరి ఇళ్లల్లో కొన్నావో పేర్లు చెప్పు. చెబితే నీకే మంచిది" అన్నారు ఆఫీసరుగారు.

బాబాయ్ నా వంక చూడనైనా చూడలేదు. "గుర్తులేదండి" అన్నాడు. గద్దించారు. "నిజంగా గుర్తులేదండి బాబూ" అన్నాడు. మా ఇల్లు కూడా ఉందండీ అని చెప్పేద్దామనుకున్నాను. ఛీ, పెన్ను తీసుకున్నాను.

ఆ తర్వాత వెనక లారీలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. లారీకి నాలుగు సంచులే చూడమన్నారు, ఆ నాలుగింటి గింజలూ తెల్లగానే ఉన్నాయి. మిగతా వాటిల్లో ఏముందో ఎవరికి తెలుసు? అవతల సముద్రంలో ఓడ ఏదో నిండుతూనే ఉంది. మరి చట్టం పని చేస్తున్నట్టా, లేనట్టా? చేయకపోతే ఈ ఆటో ఎలా దొరికింది? ఎటునుంచి ఆలోచించినా బుర్ర తిరిగిపోతోంది.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా అమ్మకి చెప్పాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"మన పేరు చెప్పాడా?"

"లేదు."

"మరి నువ్వేం చేశావే?"

"సంతకం పెట్టాను" అన్నాను.