పక్కింటి అక్క చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు రాజపాళయంలో చావు జరిగిన ఇంట ఏడాదిపాటు పాట వినపడకూడదనేవారు. అమ్మ పోయిన మర్నాడే నాన్న రేడియోకి గుడ్డ చుట్టి అటకెక్కించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ పోయినందుకు నేను ఏడవలేదు. ఎందుకంటే చెప్పలేను, కంట నీరు రాలేదంతే. సేత్తూరు నుంచి వచ్చి మాతో ఉండిపోయిన మా అవ్వ హడలిపోయింది. ఏడవని పిల్లకు పిచ్చి పడుతుందని ఎవరో ఆమె చెవిన వేశారు. బుజ్జగించింది, గిల్లింది, చివరికి రాతిగుండె అని తిట్టింది. నాది రాతిగుండేనని నేనూ నమ్మేశాను. అన్నం సయించేది కాదు, బడిలో నోరు విప్పేదాన్ని కాదు.

మధ్యాహ్నాలు పాట కోసం పక్కింటికి పోయేదాన్ని. ఆ ఇంటి అక్క మదురైలో కాలేజీ చదివి వచ్చింది. ఓడలో పనిచేసే వాళ్ల మామ ఆమెకు టేప్ రికార్డరు, అమెరికా ఆడవాళ్ల పాటల క్యాసెట్లు తెచ్చి ఇచ్చాడు. గిటారు మీటుతూ పల్లెపాటలు పాడేవాళ్లు కొందరు, కడుపులోంచి గొంతు లాగి పాడే నల్లజాతి ఆడవాళ్లు కొందరు. వాళ్ల పాటలు వాళ్లే కట్టుకుంటారని అక్క చెప్పేది. మొగుడితో పోట్లాట, అమ్మ తిట్లు, ఏదీ దాచుకోరట. ఇంటి గుట్టు ఇలా వీధిన పెట్టుకుంటారా అని నేను నోరెళ్లబెట్టాను.

ఒకరోజు బొంగురు గొంతుతో ఒకావిడ పాడుతోంది. ఏమంటోందని అడిగాను. అక్క టేపుకి చెవి ఆనించి, ఒక్కో ముక్కా విని చెప్పింది.

"వాళ్లమ్మ చచ్చిపోయినాదంట. పావం, దీనికి ఏడుపే రాలేదంట." టేపు కొంచెం వెనక్కి తిప్పి విని మళ్లీ అంది. "అమ్మ తల దువ్వితే గట్టిగా లాగుతాదని దినామూ పోట్లాడేదంట. ఇప్పుడు అవ్వ మెల్లగా దువ్వుతాది. జడేమో మధ్యాన్నానికే ఊడిపోతాదంట."

నా చెయ్యి జడ మీదికి పోయింది. ఊడిపోయి ఉంది. అంతే, ఎక్కడ దాక్కుందో ఏమో, ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అక్క ఊరుకోమనలేదు. నా కేకలు విని పరుగెత్తుకొచ్చిన అవ్వ గుమ్మంలోనే కూలబడి తనూ ఏడ్చింది. పాట విన్నందుకు తిట్టాలని ఆమెకు గుర్తే రాలేదు. ఆ సాయంత్రం అవ్వ కలిపిన అన్నమంతా తిన్నాను.

మొన్న మా మనవరాలు ఫోనులో ఏవో పాత పాటలు పెడితే ఆ బొంగురు గొంతు, ఆ పాటే వినపడింది. గొప్పగా అర్థం చెప్పాను. అది ఫోనులో మాటలన్నీ చదివి నన్ను జాలిగా చూసింది.

"అవ్వా, దీంట్లో అమ్మే లేదు. తాగొచ్చిన మొగుణ్ణి ఇంట్లోకి రావద్దని తిడతా ఉండాది."

నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. దువ్వెన దగ్గర అమ్మకూ నాకూ రోజూ జరిగే రభస పక్క గోడ అవతలికి వినపడకుండా ఎలా ఉంటుంది? ఆ మధ్యాహ్నం పాట కట్టింది అక్కే. థాంక్స్ చెబుదామన్నా ఇప్పుడు ఆమె లేదు.

చావు జరిగిన ఇంట పిల్లలు బిగుసుకుపోయి కూర్చుంటే నేను ధైర్యం చెప్పను, ఏడవమనీ అనను. పక్కన కూర్చుని, మీ అమ్మ ఏం చేస్తే నీకు బాగా కోపం వచ్చేది అని అడుగుతాను.