దయారత్నం చదివిన చీటీ

ఓడరేవు పేట గార్డెన్ రీచ్‌కు వలస వచ్చిన తెలుగు క్రైస్తవులకు దయారత్నం గొంతే వాక్యం. గోదాములో ఉత్త గుమాస్తా. ఆదివారం గుడిలో మాత్రం దొర. ఇరవయ్యేళ్లుగా బైబిలు చదివేదీ ఆయనే, ఆరాధన అయ్యాక శ్రీకాకుళం నుంచి వచ్చిన ఉత్తరాలు నలుగురికీ చదివి వినిపించేదీ ఆయనే.

1963లో ఒక పొద్దున ఆయన మెదడు ఆయనకే ద్రోహం చేసింది. చూపు బాగుంది, మాట తడబడలేదు, కలం పడితే రాయగలడు. రాసింది మాత్రం చదవలేడు. ఆసుపత్రిలో డాక్టరు రేవు దగ్గరి ఖిదిర్‌పూర్ వంతెన సంగతి చెప్పి విడమరిచాడు. ఓడ కోసం వంతెన తెరిస్తే రెండు ఒడ్లూ అలాగే ఉంటాయి, జనం దాటలేరు. మెదడులో అక్షరాన్ని చూసే చోటుకీ, మాటను గుర్తుపట్టి అర్థం చెప్పే చోటుకీ మధ్య అలాగే దారి తెగిందట. వేలితో దిద్దుకుంటే ఒక్కో అక్షరం తెలిసేది. పుట్టెడు చదువూ చూపుడువేలి కొసకొచ్చింది.

సంగతి తెలిస్తే గుడిలో ఆ చోటు పోతుంది. భార్య అచ్చమ్మకూ చెప్పలేదు. ఒంటిగది ఇళ్లలో గోడలకు చెవులుంటాయి గనక, ప్రాణస్నేహితుడు యెషయాకు చీటీ రాసిచ్చాడు. యెషయా చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నానున్నాను గదా అన్నయ్యా, నీకేటి బెంగ?" అన్నాడు.

అప్పటినుంచి శనివారం సాయంత్రం ఉత్తరాలూ వాక్యభాగమూ యెషయా చదివి వినిపించేవాడు. ఆదివారం దయారత్నం కాగితం ఎదురుగా పట్టుకుని పొల్లుపోకుండా ఒప్పజెప్పేవాడు. ఆరు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, చదివేది తానైతే పేరు ఇంకొకడికా అని యెషయాకు కడుపుమంట మొదలైంది. ఒక ఆదివారం గుడి నిండా జనం చూస్తుండగా మడిచిన కాగితం ఒకటి చేతికిచ్చాడు.

"ఇది ఇప్పుడే వొచ్చింది. సదువన్నయ్యా."

దయారత్నం అతని మొహంలోకి చూశాడు. యెషయా చూపు తిప్పుకున్నాడు. ఉత్తరాలన్నీ ఎలా మొదలవుతాయో తెలుసు గనక, దయారత్నం "ఇక్కడ మేమంతా దేవుని కృపవల్ల క్షేమం" అని అందుకున్నాడు.

"అలగే రాసుందేటి? సరిగ్గా సూడు."

దయారత్నం కాగితం మోకాలి మీద పరిచి, చూపుడువేలితో మొదటి అక్షరం దిద్దాడు. తర్వాతది దిద్దాడు. చెయ్యి తన రాతను తాను గుర్తుపట్టింది. అయినా ఆపలేదు, ఒక్కో మాటా కూడదీసుకుని పైకే చదివాడు.

"తమ్ముడూ, నేను చదవలేకపోతున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. నా పరువు నీ చేతిలో ఉంది."

ఆ ఆరు నెలల్లో ఆయన నిజంగా చదివింది అదొక్కటే.