సరే మాస్టారి ‘వద్దు’ పాఠం

ఆ బడిలో డ్రాయింగ్ మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ‘సరే మాస్టారు’. ఆ పేరు కోసం వాళ్లు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఎవరు ఏమడిగినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. సెలవు పెట్టినవాళ్ల క్లాసు చూస్తారా అంటే సరే. మీ గొడుగు ఓసారి ఇస్తారా అంటే సరే. ఇంటి గుమ్మం ముందు నిలబడి సంచీ విప్పిన ప్రతి అమ్మకందారుడికీ సరే. ఆ మొహమాటం పుణ్యమా అని ఆయనింట్లో నీళ్లు వడకట్టే యంత్రాలు రెండున్నాయి. ఒకటి నీళ్లు వడకడుతుంది, రెండోది పూలకుండీని మోస్తుంది. తివాచీ అన్నదే లేని ఆ ఇంట్లో తివాచీలు దులిపే మిషను కూడా ఉంది.

తొమ్మిదో తరగతికి వారానికో గంట రోజువారీ బతుకుకు పనికొచ్చే విషయాలు నేర్పాలని ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లెక్కల మేడమ్ తనకు తీరికలేదంది. సైన్సు సారు ల్యాబులో దూరి తలుపేసుకున్నాడు. పెద్ద మేడమ్ డ్రాయింగ్ మాస్టారిని పిలిచి అడిగింది. ఆయన ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి పాఠాలు బాగానే సాగాయి. బొత్తాం కుట్టడం, కరెంటు మీటరు చూడడం, బ్యాంకు ఫారం నింపడం. బొమ్మలేసే చెయ్యి కదా, ఆయన కుట్టిన బొత్తాం చూసి పిల్లలు ముచ్చటపడ్డారు కూడా. చిక్కంతా ఆ తర్వాతి పాఠంతో వచ్చింది. దాని పేరు ‘అక్కర్లేనిది అమ్మజూపితే వద్దనడం ఎలా’.

ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. రాత్రి అన్నం వడ్డిస్తూ, ఆయన పక్కన తెరిచున్న పాఠాల పుస్తకంలో ఆ పేరు చూసి గరిటె కింద పెట్టేసింది.

“ఏవండీ, ఈ పాఠం చెప్పేది మీరేనా?”

“నేనే.”

ఆమె నవ్వు ఆగేసరికి కూర చల్లారింది. “మొహమాటానికి పోతే...” అని సామెత అందుకోబోయి, పక్క గదిలో అత్తగారు ఇంకా పడుకోలేదని గుర్తొచ్చి మిగతాది మింగేసింది.

సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలంది పుస్తకం. ఇందులో అమ్మేవాడికొచ్చేదెంత? మధ్యలో మానేస్తే నాకు పోయేదెంత? వారం ఆలోచించుకుంటే కొంపేమైనా మునుగుతుందా? మాస్టారు వాటిని బోర్డు మీద రంగు సుద్దలతో అందంగా రాశారు. తర్వాత తను కొనేవాడిగా నిలబడి, ఏదో ఒకటి తనకు అమ్మమని పిల్లలకు చెప్పారు. ముందు బెంచీ అమ్మాయి లేచి ఆయన గొడుగునే ఆయనకు అంటగట్టింది. బేరం కుదిరాక గానీ ఆయన దాని పిడి గుర్తుపట్టలేదు.

ఇక పిల్లలే పాఠం చేతుల్లోకి తీసుకున్నారు.

“వద్దు అనండి సార్.”

“వద్దండీ, ఏమీ అనుకోకండి.”

“‘ఏమీ అనుకోకండి’ అక్కర్లేదు సార్. ‘వద్దు’ ఒక్కటే.”

“వద్దు,” అన్నారు మాస్టారు, బోర్డు వైపు చూస్తూ.

“మా మొహం చూసి అనాలి సార్.”

ఆ ఆదివారమే ఆయన బావమరిది, భార్యకు తమ్ముడు, దిగాడు. మాస్టారింట్లో సగం పాలసీలు అతను కట్టించినవే. ఈసారి టేకు మొక్కల పథకం తెచ్చాడు. ఇప్పుడు మొక్కలు కొని ఊరుకుంటే చాలు, అవే పెరిగి డబ్బవుతాయట.

“నువ్వు నీళ్లు కూడా పొయ్యక్కర్లేదు బావా. ఇక్కడ చిన్న సంతకం.”

మాస్టారు కలం మూత తీశారు. వంటింటి గుమ్మంలో భార్య దగ్గింది. ఆయన మూత మళ్లీ పెట్టి మొదటి ప్రశ్న అడిగారు. బావమరిది నవ్వేశాడు. రెండోది అడిగారు. బావమరిది కాగితాలు తిరగేశాడు. మూడోది అడిగేసరికి సంచీ నేలమీద పెట్టేశాడు.

“నిజం చెప్పనా బావా? ఆ కాగితం నేనూ చదవలేదు. మా మేనేజరు భుజం మీద చెయ్యేసి అడిగాడు. కాదనలేక నేనూ కొన్నాను.”

“అయితే ఈ జబ్బు మా పుట్టింట్లోనూ ఉందన్నమాట,” అంది గుమ్మంలోంచి అక్క.

“వద్దు,” అన్నారు మాస్టారు మెల్లగా.

“వంటింట్లోకి వినబడలేదు,” అందామె.

“వద్దు.”

బావమరిది మొహం వాడిపోయింది. అది చూసి మాస్టారి గుండె నీరైపోయింది. కానీ కలం మాత్రం జేబులోకే వెళ్లింది. “పోనీ ఒక పని చెయ్యి. మా క్లాసుకి రా. పిల్లలకి నిజంగా అమ్మేవాడు కావాలి,” అన్నారు.

అతను టై కట్టుకుని, రంగుల చార్టు పట్టుకుని వచ్చాడు. పిల్లల్ని బుట్టలో వెయ్యడం ఎంత పని అనుకున్నాడు గానీ, అతని పప్పులు అక్కడ ఉడకలేదు. బోర్డు మీది ప్రశ్నలు అయిపోయాక కూడా వాళ్లు వదల్లేదు.

“మీరు కొన్న మొక్కల్ని మీరు చూశారా అంకుల్?” అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది.

చూడలేదు. చార్టు చుట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు తన సీసాలో నీళ్లిచ్చారు.

తర్వాతి ఆదివారం బావా బావమరుదులిద్దరూ బస్సెక్కి ఆ తోట చూడటానికి వెళ్లారు. తోట ఉందిగానీ మొక్కలు మోకాలెత్తు దాటలేదు. వాటిని నెమరేస్తూ రెండు మేకలు వీళ్లను ఎగాదిగా చూశాయి.  మర్నాడు బావమరిది మేనేజరు ముందు నిలబడి తన డబ్బు తనకిచ్చెయ్యమన్నాడు. సగమే వచ్చింది. ఉద్యోగం మాత్రం పూర్తిగా పోయింది.

కొన్నాళ్లు అక్క ఇంట్లోనే తిన్నాడు. ఆ తర్వాత బజారులో గచ్చు పలకలు, అదే టైల్సు, అమ్మే షాపులో కుదురుకున్నాడు. అక్కడ కొనేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు, ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు.

స్నానాలగదికి పలకలు కావాలని ఒకరోజు మాస్టారు భార్యతో ఆ షాపుకి వెళ్లారు. ఒక నీలం రంగు పలక దగ్గర ఆయన అలాగే నిలబడిపోయారు. ఎవరూ అంటగట్టకుండా ఆయన తనంతట తాను మనసుపడ్డ వస్తువు బహుశా అదేనేమో.

“అది తీసుకోకు బావా, నున్నటి రకం. తడిస్తే కాలు జారుతుంది,” అన్నాడు బావమరిది.

“రంగు చూడు. ఇలాంటిది మళ్లీ దొరకదు.”

“రంగు మీద నడుస్తావా?”

ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఒకరు కొంటానని, ఇంకొకరు అమ్మనని. షాపు యజమాని లెక్కలు ఆపి వింతగా చూశాడు. చివరికి మాస్టారి భార్య ఇద్దరినీ పక్కకు జరగమని, చెప్పులు విప్పి, పలకల మీద నీళ్లు పోయించి, ఒక్కొక్కదాని మీదా నడవడం మొదలుపెట్టింది.