పాట మీద మాట్లాడినవాళ్లు

ఎల్లారెడ్డి ఊళ్లో భజన మండలికి మా అన్న ముందు పాడే మనిషి. ఆయన చరణం అందుకుంటే మిగతావాళ్లు వంత పాడేవారు. మైకు లేకుండానే ఆ గొంతు పక్క వాడకు వినపడేది. ఇప్పుడు ఆ గొంతు లేదు. క్యాన్సరని చెప్పి హైదరాబాదులో స్వరపేటిక తీసేశారు. ఊపిరాడడానికి మెడ ముందు రంధ్రం పెట్టారు. మొత్తం తీసేశాం, ఇక భయం లేదన్నారు. ఏడాది తిరక్కుండానే ఊపిరితిత్తుల్లో కనపడింది. ఈసారి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి అన్ని పరీక్షలు ఎందుకు చేయించారో నాకిప్పటికీ తెలియదు.

నాకు కామారెడ్డిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అంతకుముందు అదే గదిలో టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. అన్నను చూడడానికి పోయిన రోజు ఆయన మంచంలోంచి అటక మీది రేకుపెట్టె వైపు వేలు చూపించాడు. తర్వాత తన మెడ చూపించాడు. నాకు అర్థం కాలేదు. ఆయన సైగలన్నీ వదినకే తెలుసు.

"ఆయన పాట ఆయన ఒక్కపారి ఇనాలంటుండు," అన్నది వదిన. "నాగ్గూడ ఇనాలనే ఉన్నది. ఆ గొంతు ఎట్లుండెనో మర్షిపోతున్న."

ఫోన్లలో వీడియోలు తీసే కాలం వచ్చేసరికి భజన మండలే లేదు. మనుషులు పాడాల్సిన చోట డీజే డబ్బాలొచ్చి కూర్చున్నాయి. అన్న గొంతు అంటూ ఎక్కడైనా ఉంటే ఆ పెట్టెలోని క్యాసెట్లలోనే ఉండాలి.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. మా దిక్కు మొగవాళ్లు దుబాయి పోయిన రోజుల్లో, గల్ఫ్‌లో ఏ దేశమైనా మాకు దుబాయే, ఇండ్లల్లో ఫోన్లు లేవు. ఉత్తరం రాయడం అందరికీ వచ్చేది కాదు. అందుకని మాటలు క్యాసెట్లో నింపి పంపేవారు. దుబాయి టేప్‌రికార్డరు లేని ఇల్లు తక్కువ. అన్న ఏకాదశికో శివరాత్రికో జరిగే భజనను క్యాసెట్‌కు ఒక పక్కన రికార్డు చేసి, అడిగిన ఇంటికి ఇచ్చేవాడు. రెండో పక్కన ఆ ఇంటివాళ్లు బోరు ఎండిన సంగతీ, బర్రె ఈనిన సంగతీ చెప్పుకుని, దుబాయి పోయేవాడి చేతికిచ్చి పంపేవారు. అక్కడి మనిషి అది విని, ఇంటివాళ్ల మాటల మీదే తన జవాబు నింపి తిరిగి పంపాలి. పాట ఉన్న పక్కను ముట్టుకోకూడదు. ఇంట్లో అందరూ విన్నాక క్యాసెట్ అన్న దగ్గరికి వచ్చేది, పాట ఆయనది కాబట్టి.

అలా తిరిగొచ్చినవాటిని అన్న ఒక్కసారి కూడా పెట్టి వినలేదు. ఒకరింటి ముచ్చట మనకెందుకు అనేవాడు. పాట నింపినప్పుడే ఆ పక్కన అతికించిన పండుగ పేరు చీటీ చూసుకుని, పెట్టెలో వేసేవాడు.

నిజానికి ఆ పాటల్ని ఒక పెన్‌డ్రైవులో వేసిస్తే సరిపోయేది. నాకు అది చాలలేదు. మంచం దిగలేని మనిషి ఫోన్ మీద వేలు పెడితే చాలు, కావలసిన భజన గోడ మీది స్పీకర్లో మోగాలి అనుకున్నాను. ఇంట్లోనే ఒక చిన్న సర్వర్, వైర్లు లేకుండా. ఒక పాత లాప్‌టాప్‌కు హార్డ్‌డిస్క్ తగిలించాను. పండుగల వారీగా లైబ్రరీ తయారు చేశాను. ప్రతి భజనకూ అన్న పడుచుతనపు ఫొటో పెట్టాను, తలపాగాతో, చేతిలో తాళాలతో. రోగాన్ని ఏమీ చేయలేనివాడికి వైఫై మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది.

క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాలంటే అది ఎంతసేపు పాడుతుందో అంతసేపూ తిరగాలి. తొందరపెడితే వినదు. దుకాణంలో గిరాకీ మధ్యన అదొక పక్కన తిరుగుతూ ఉండేది. అన్ని బేరాల మధ్య పాట పెట్టుకుని వినలేను కనుక సౌండు పూర్తిగా తగ్గించి, తెర మీద గీత కదులుతోందా లేదా అని మాత్రం చూసేవాణ్ణి. టేపుల పని చేసే రోజుల్లో కూడా అంతే, కాపీలు తీసేటప్పుడు మేమెవరం వినేవాళ్లం కాదు, మీటరు ముల్లు ఊగుతుంటే చాలు. గీత చక్కగా కదిలింది. నాకూ సంతోషమైంది. చీటీ ఉన్న పక్కనే ఎక్కించి, చీటీ మీద ఏముంటే ఫైలుకు అదే పేరు పెట్టాను.

ఒక ఆదివారం పొద్దున సామానంతా సంచిలో వేసుకుని లింగంపేట మీదుగా పోయే బస్సెక్కాను. ఎల్లారెడ్డిలో అన్న ఇల్లు మట్టిగోడలది. అందులో ఎండాకాలం చల్లగా ఉంటుందని అందరం పొగిడినవాళ్లమే. ఆ గోడలే ఇప్పుడు నాకు శత్రువులయ్యాయి. ముందుగదిలో రౌటర్ పెడితే అన్న పడుకున్న గదిలో సిగ్నల్ చచ్చిపోతుంది. గూట్లో పెట్టాను, దూలానికి కట్టాను, చివరికి రెండు గదుల నడుమ దర్వాజా పైన మేకు కొట్టి వేలాడదీశాను. అప్పటికి గానీ పని కాలేదు. ఈ తతంగమంతా అన్న మంచంలోంచి చూస్తున్నాడు. వదిన ఆయన్ని దిండుకు ఆనించి కూర్చోబెట్టి, మెడ మీది గుడ్డ మార్చి, కొత్త అంగీ తొడిగింది. తనూ తల దువ్వుకుని వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

ఫోన్ అన్న చేతికిచ్చాను. ఆయన శివరాత్రి జాగారం మీద వేలు పెట్టాడు.

స్పీకర్లోంచి ఎవడో దగ్గాడు. తర్వాత తన భార్యను పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. పక్కలు తారుమారు చేసి ఎక్కించానని నన్ను నేను తిట్టుకుంటూ రెండోది పెట్టాను. అందులో ఇంకొకడు ఎండ గురించి, మేస్త్రీ తిట్ల గురించి చెప్పి చెప్పి ఏడ్చాడు. మూడోదాంట్లోనూ మాటలే. ఫోన్ తీసుకుని ఒక్కొక్కటీ ముందుకు జరుపుతూ పోయాను. ఏకాదశిలో మాటలు, కార్తీకంలో మాటలు. దుబాయి పోయినవాళ్లకు చెప్పుకోవలసింది ఒక పక్కకు సరిపోలేదు. ముట్టుకోకూడని పక్కను కూడా నింపేశారు. ఇన్ని రోజులు కూర్చుని ఎక్కించిన లైబ్రరీలో అన్న ఫొటో ఉంది, అన్న లేడు.

నాకు వదిన ముఖంలోకి చూసే ధైర్యం లేదు. ఆపేద్దామంటే అన్న వద్దని చేయి ఊపాడు. చివరిది ఒకటి మిగిలింది, దాన్నీ పెట్టమని సైగ చేశాడు.

అందులో ఒక పడుచు గొంతు ఉంది. ఎవరిదో మాకెవరికీ గుర్తు రాలేదు.

"అన్నా, నీ భజన అందింది," అన్నాడు వాడు. "రూముల అందరం కూసొని ఇన్నం. ఏడ్వనోడు లేడు. ఇంటోళ్లకు మాట్లాడంగనే అవతలి పక్క నిండింది. ఈడ బజారుకు శుక్రారం దాంక పోనియ్యరు, ఇంకో క్యాసెట్ లేదు. గందుకే నీ పాట మీదనే మాట్లాడుతున్న. ఏమనుకోకు. నువ్వు మల్ల పాడతవ్ గదా, పాడి పంపు."

టక్కుమని బటన్ నొక్కిన చప్పుడు. వాడి మాటలు అక్కడికి అయిపోయాయి. వాటి వెనక చెరగకుండా మిగిలిన టేపు ముక్క మొదలైంది. తాళాలు, డోలక్, అందరూ కలిసి పాడుతున్న వంత. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వంత ముగిసింది, తర్వాతి చరణం మా అన్న పాడాలి. ఆయన అందుకోవలసిన చోటుకు వచ్చి టేపు అయిపోయింది.

అన్న కళ్లు మూసుకున్నాడు. గడ్డం పైకెత్తి నోరు తెరిచాడు. పెదవులు కదులుతున్నాయి, తొడ మీద వేళ్లు తాళం వేస్తున్నాయి. నేను స్పీకర్ దగ్గరికి పోబోతే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పాడుతున్నడు," అన్నది.

మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. నేను దగ్గరికి వంగి చెవి పెట్టాను. గాలి తప్ప నాకేమీ వినపడలేదు.