ఎనభై పిన్నీ, తెల్లకారు ఆకలీ

ఆ షెడ్డులో ఎనిమిది కరెంటు ట్యాక్సీలు, ఎనిమిది ఛార్జింగ్ స్తంభాలు, అన్నిటికీ కలిపి ఒక్కతే పిన్ని. ఆవిడ అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో. డ్రైవర్లకు మాత్రం ఆవిడ ఎనభై పిన్ని. కారు వచ్చి నిలబడగానే వైరు తగిలించడం, తెర మీద ఎనభై పడగానే పీకేయడం ఆవిడ పని. ఎనభై ఒకటి చూసిన డ్రైవరు ఆ షెడ్డులో లేడు.

"పిన్నీ, ఇంకో ఐదు పెట్టవూ?" అని బొజ్జ డ్రైవరు బతిమాలితే, "మీ ఆవిడ నీకు రోజూ గొంతు దాకా పెడుతున్నట్టుంది, ఆ పొట్ట చూస్తే తెలుస్తోంది. కారుక్కూడా ఆ గతి పట్టించకు. దూరం పోవాల్సిన రోజు ముందే చెప్పు, బయల్దేరేటప్పుడు నిండా పెడతాను" అనేది. ఊళ్ళో తిరిగే కార్లకు ఆ రోజు ఎప్పుడూ రాలేదు.

ఈ ఎనభై ఆవిడకు ఊరికే రాలేదు. షెడ్డుకు కాపలా ఉన్న మొగుడికి మోకాళ్ళు మొరాయిస్తే, ఆ కుర్చీలోకి ఆవిడ వచ్చింది. అంతకుముందు వీధి కుళాయి దగ్గర ఎవరి డ్రమ్ము నిండింది, ఎవరిది నిండలేదు అని పాతికేళ్ళు తీర్పు చెప్పిన మనిషి. స్తంభాలు పాతడానికి వచ్చిన ఇంజనీరును నిలబెట్టి, ఎండలో పెడితే ఏమవుతుంది, వానలో పెడితే ఏమవుతుంది, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది అని ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేలా అడిగింది. పాపం, అతను రెండు బస్సులు పోగొట్టుకున్నాడు. పోతూ పోతూ, "రోజూ నిండా నింపితే బ్యాటరీకి ఆయుష్షు తగ్గుతుందమ్మా, ఎనభై దగ్గర ఆపేయండి" అన్నాడు. అంతే, ప్రతి స్తంభం మీదా సుద్దముక్కతో అరచేతంత 80 రాసింది. చెరిగితే మళ్ళీ దిద్దేది. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

మూడేళ్ళు బాగానే గడిచింది. ఏడు కార్ల బ్యాటరీలూ రాయిలా ఉన్నాయి. నాలుగు నెలల కిందట ఎనిమిదోది, తెల్లకారు, వేరే కంపెనీ నుంచి వచ్చింది. దాన్ని నడిపేది షెడ్డులో ఉన్న ఒకే ఒక్క ఆడ డ్రైవరు. పిన్ని దానికీ ఎనభైయే పెట్టింది.

ఆ బుధవారం మధ్యాహ్నం తెల్లకారు వంతెన నడిమధ్యలో ఆగిపోయింది. వెనక సీట్లో కాలికి కట్టు కట్టుకున్న పెద్దాయన, వెనకాల హారన్ల మోత. తెర మీద ఇంకా ఇరవై రెండు ఉందనగా, ఒక్క క్షణంలో సున్నా పడి ప్రాణం పోయింది. లారీ మీద ఎక్కించి షెడ్డుకు తెచ్చారు.

కళ్ళద్దాల మెకానిక్ తలుపు తీసి, వేసి, పెదవి విరిచాడు. "లోపల సెల్స్ పోయాయి సార్. నాలుగు నెలలకే పోయాయంటే పెట్టడంలోనే ఏదో తేడా."

మేనేజరు పిన్ని వైపు తిరిగాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసినవాడు. "పిన్నిగారూ, శనివారం కంపెనీ వాళ్ళు వచ్చి బండి పట్టుకుపోతారు. ఆ రోజు నుంచి మీరూ విశ్రాంతి తీసుకోండి. వైరు చూసుకోవడానికి వేరే మనిషిని పెడతాను."

"మరి నేనేం నడపాలి సార్?" అంది డ్రైవరు అమ్మాయి.

ఆ సాయంత్రం పిన్ని తెల్లకారు చుట్టూ తిరుగుతూనే ఉంది. కుర్చీ పోవడం కాదు ఆవిడ బాధ. తన ఎనభై ఆ కారును చంపిందా లేదా? అది తేలకుండా ఇంటికి పోయి ఏ మొహంతో కూర్చుంటుంది?

"ఏమే అమ్మాయ్, దీంతోపాటు పుస్తకమేమైనా వచ్చిందా?" అని అడిగింది చివరికి.

డ్రైవరు అమ్మాయి ముందు సీటు అర తెరిచింది. పుస్తకం ఉంది. మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

"నాలుగు నెలలు నడిపావు, ఒక్కసారి విప్పలేదా?"

"నువ్వు ఉన్నావు కదా అనుకున్నా పిన్నీ."

ఆ మాట చురుక్కుమంది. నిజమే, ఇంజనీరును అన్ని ప్రశ్నలడిగిన తను, ఈ కారును ఒక్క ప్రశ్నా అడగలేదు.

మొగుడి భూతద్దం తెప్పించుకుంది. ఐదో తరగతితో ఆగిన చదువు. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, ఏసీ పేజీలు, అద్దాల పేజీలు దాటుకుంటూ పోయింది. అరవై మూడో పేజీలో వేలు ఆగింది. "ఈ రకపు బ్యాటరీని వారమునకు ఒక పర్యాయమైనను నూరు శాతము నింపవలెను. లేనిచో తెరపై చూపబడు అంకె వాస్తవమునకు భిన్నముగా ఉండవచ్చును."

మళ్ళీ చదివింది. మూడోసారి పైకి చదివి, తొడ మీద ఒక్కటి చరుచుకుంది.

"ఇది మా వీధి డ్రమ్ము గొడవే కదే! పైనుంచి చూస్తే ఎంతుందో కనబడని డ్రమ్ము. ఇన్ని బిందెలు పోశాం, ఇన్ని తోడాం అని లెక్క. రోజూ చెంబెడు అటో ఇటో తేడా వస్తుంది. అంచు దాకా నిండి పొర్లిన రోజే లెక్క మళ్ళీ సరిపడుతుంది. దీన్ని నాలుగు నెలలుగా పొర్లనివ్వలేదు నేను. అది చావలేదే, దానికి లెక్క తప్పింది!"

గురువారం పొద్దున్నే మేనేజరు ముందు నిలబడింది. "తప్పు నాదే. ఆ ఏడింటికీ మంచిదైంది దీనికి పడలేదు. అందరికీ ఒకే మందు పోశాను. రెండు రోజులు నాకివ్వండి. ఈ రోజు నింపుతాను, రేపు నడిపి చూద్దాం. ఆగిపోతే శనివారం దాకా ఎందుకు, రేపే పోతాను."

మెకానిక్ నవ్వాడు. "పుస్తకం చూసి వైద్యం చేస్తే రోగులంతా బతికే ఉండేవాళ్ళు పిన్నీ."

"చూడకుండా చేసిన వైద్యం నిన్ననే చూశాం కదా బాబూ."

మేనేజరుకు నవ్వొచ్చింది. నవ్విన మనిషి కాదనలేడు.

పది గంటలకు వైరు తగిలించింది. మధ్యాహ్నానికి ఎనభై దాటింది. అలవాటుకొద్దీ లేవబోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. రెండున్నరకు తొంభై తొమ్మిది. అక్కడ ఆగిపోయింది. అరగంటైనా అదే అంకె, గంటైనా అదే అంకె.

"చూశావా, ఇరుక్కుంది. ఇంక పీకెయ్ పిన్నీ" అన్నాడు మెకానిక్.

పిన్ని తెర వైపు చూడటం ఎప్పుడో మానేసింది. స్తంభానికున్న కరెంటు మీటరును చూస్తోంది. కరెంటు పోతున్నంతసేపూ దాని ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది. పొద్దున ఎంత చురుగ్గా కొట్టుకుందో ఇప్పుడూ అంతే. "అంకె అబద్ధం చెబుతుందేమో గాని, మీటరు చెప్పదు. ఇది ఇంకా తాగుతోంది. ఎంత ఆకలి మీద ఉందో నా తల్లి, తాగనీ."

నాలుగున్నరకు మిణుకు మెల్లబడింది. ఐదు కావస్తుండగా కారు లోపల టక్కుమని చప్పుడైంది. తెర మీద నూరు పడింది. ఎనభై పిన్ని చేత్తో పెట్టిన మొట్టమొదటి నూరు!

శుక్రవారం పొద్దుటి నుంచీ డ్రైవరు అమ్మాయి బేరాలు నడిపి, సాయంత్రం తెర ఇరవై ఐదు చూపించేసరికి షెడ్డుకు వచ్చింది. పక్కన పిన్ని ఎక్కింది, వెనక మేనేజరూ మెకానిక్కూ. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఇరవై మూడు ఉంది.

"ఊహూఁ, కుదరదు. ఇరవై రెండు పడ్డాకే ఎక్కాలి. ఎక్కడ పరువు పోయిందో అక్కడే దొరకాలి" అంది పిన్ని.

వంతెన మొదట్లో ఉన్న కూడలి చుట్టూ అమ్మాయి కారును తిప్పింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. బుడగలమ్మేవాడు వింతగా చూశాడు. నాలుగో చుట్టులో ఇరవై రెండు పడింది.

"ఎక్కించవే!"

మేనేజరు తలుపు పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. మొన్న ఆగిన దీపస్తంభం వచ్చింది. దాటింది. వంతెన దిగారు. ఇరవై ఒకటి. మార్కెట్టు చుట్టి వచ్చారు. పదిహేడు. అంకె మెట్లు దిగే ముసలమ్మలా ఒక్కొక్కటే దిగుతోంది, ఎక్కడా తూలడం లేదు. షెడ్డు గేటు దగ్గర పదకొండు.

డ్రైవరు అమ్మాయి హారను మీద అరచెయ్యి ఆనించి తీయలేదు. లోపలున్న ఏడు కార్లూ అందుకున్నాయి. బొజ్జ డ్రైవరు కారు టాపు మీద దరువు వేశాడు. ఆ మోతకు ఇంటి దగ్గర నుంచి పిన్ని మొగుడు మోకాళ్ళ సంగతి మరిచి గేటు దాకా వచ్చేశాడు. మేనేజరు కారు దిగకుండానే ఫోను తీసి, "శనివారం రానక్కర్లేదండీ. బండి బాగానే ఉంది. మేమే పుస్తకం చదవలేదు" అన్నాడు. తరవాత పిన్ని వైపు తిరిగి, "ఆ కుర్చీకి మెత్త వేయిస్తాను పిన్నిగారూ" అన్నాడు.

పిన్ని సుద్దముక్క తీసింది. ఎనిమిదో స్తంభం మీది 80 పక్కన, ఇంకా పెద్ద అక్షరాలతో "ఆదివారం 100" అని రాసింది.

"ఇంక నిన్ను నూరు పిన్ని అనాలా?" అన్నాడు బొజ్జ డ్రైవరు.

"నీకు మాత్రం ఎనభైయే. ఆశపడకు."

నవ్వులు సద్దుమణిగాక మెకానిక్ పక్కకొచ్చి నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "పిన్నీ, ఆ పుస్తకం... ఒకసారి ఇస్తావా?"

పిన్ని అతని చేతులకున్న గ్రీజు చూసింది.

"కడుక్కుని రా బాబూ. భూతద్దం కూడా ఇస్తాను."