జూలన్న జుట్టు, మా గోత్రం

ముందుగా, అడగకుండానే అన్నీ ఇచ్చే త్రికోటేశ్వరస్వామికి నమస్కారం. అడిగినప్పుడు, మనం అడిగిన తీరు చూసి నవ్వుకుని, అయినా సరే ఇచ్చే ఆయన దయకి ఇంకో నమస్కారం. ఆ రెండో నమస్కారం ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, భక్తికీ పిచ్చికీ మధ్య గోడ ఇప్పుడున్నంత ఎత్తుగా ఉండేది కాదనుకుంటాను. మాది నరసరావుపేటకి నాలుగు మైళ్ళ దూరంలో పత్తిచేల మధ్య ఉన్న ఊరు. మా తాతయ్య గుళ్ళో అర్చకుడు, శనివారం సాయంత్రాలు భజన గోష్ఠి నడిపేవాడు. నేను అందులో తాళాలు వేసేవాణ్ణి. ఆదివారం మాత్రం, చుట్టుపక్కల ఎక్కడ కరెంటు మేళం వాయిస్తుంటే అక్కడికి సైకిలు తొక్కేవాణ్ణి. (ఆ బృందానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది. పోస్టరు వేసిన ప్రతిసారీ స్పెల్లింగు మారేది కాబట్టి, తాతయ్య వెక్కిరింపుగా పెట్టిన కరెంటు మేళం అన్న పేరే మాకు ఖాయమైంది.) నలుగురు మనుషులు, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక కీబోర్డు, గేదె ఈనినట్టు నేలంతా పరుచుకున్న డ్రమ్ములు. సొంతంగా కట్టుకున్న పాటలు, ఇంగ్లీషు వరసలో తెలుగు మాటలు. మాటలు ఎవరికీ వినబడేవి కావు. ఆ చప్పుడు గుండెల్లోంచి పోతుంటే మాటలెందుకనిపించేది.

మా అందరికీ దేవుడి తర్వాత దేవుడు గిటారు వాయించే జూలన్న. భుజాలు దాటిన జుట్టు. తల ఊపాడంటే సింహం జూలు విదిల్చినట్టుండేది, అందుకే ఆ పేరు. వెనక డ్రమ్ములు వాయించే ఆయన దరువు బావ. జూలన్న భార్యకి స్వయానా అన్న. మిగతా ఇద్దరూ సౌమ్యులు, వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, ఇప్పుడు నేనూ మాట్లాడను.

ఇంత గొప్ప బృందం ఒక మిరపకాయ బజ్జీ దగ్గర విడిపోయింది. చిలకలూరిపేటలో ఒక పాట మధ్య జూలన్న గిటారు వాయించడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. దరువు బావ కాసేపు చూసి, కర్రలు కింద పెట్టి, స్టేజీ దిగి, ఎదురుగా ఉన్న బండి దగ్గర బజ్జీలు తింటూ నిలబడ్డాడు. "నువ్వు ముగించేలోపు వస్తాలే బావా" అని అక్కణ్ణించే కేకేశాడు. జనం నవ్వారు. జూలన్న నవ్వలేదు. ఆ తర్వాత మూడేళ్ళపాటు ఇద్దరికీ మాటల్లేవు. ఆ మూడేళ్ళూ జూలన్న భార్య పుట్టింటి గడప తొక్కలేదు, అన్నగారు చెల్లెలి గడప తొక్కలేదు. ఈ సంగతి అప్పట్లో మాకు తెలియదు. తెలిసినా, మా బాధల్లా పాటలు ఆగిపోయాయనే కదా.

మాకొక అభిమాన సంఘం ఉండేది. కార్యదర్శి మా మేనత్త కొడుకు, నేను బావా అంటాను. అధ్యక్షుణ్ణి నేను. ఉత్తరాలు రాశాం, మనుషుల్ని పంపాం, ఏదీ కుదరలేదు. చివరికి ఒక సోమవారం ఇద్దరం త్రికోటేశ్వరస్వామి ఉన్న కోటప్పకొండ ఎక్కాం. మొక్కుకుందామని నిర్ణయం. ఏం మొక్కాలన్నది అక్కడికెళ్ళాక తేలాల్సిన విషయం.

"నీ తలనీలాలిస్తానని మొక్కుకోరా" అన్నాడు బావ.

నేను అప్పుడే చెవుల మీదికి జుట్టు పెంచి, మధ్య పాపిడి తీసి, కాలేజీలో ఇద్దరి ముగ్గురి చేత తలతిప్పి చూడబడుతున్నాను. (ఒకరు తిప్పారు. అదీ వెనక బస్సు వస్తోందని.) "నీదివ్వొచ్చుగా" అన్నాను.

"నాది ఉంగరాల జుట్టురా, ఒకసారి పోతే మళ్ళీ ఇలా రాదు."

ఇద్దరం కాసేపు ఆలోచించాం. స్వామికి ఇచ్చేది ఘనంగా ఉండాలి, మా ఇద్దరి జుట్టూ కలిపినా జూలన్న జుట్టులో పావువంతు కాదు అని నాకు తోచింది. అంత భక్తి అంతకుముందెప్పుడూ నాకు కలగలేదు. అర్చకుడి మనవణ్ణి, సంకల్పం చెప్పడం నోటికొచ్చు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. గోత్రం దగ్గర ఆగిపోయాను. జూలన్న గోత్రం నాకేం తెలుసు? అసలు పేరే తెలియదు. నోరు ఆగితే సంకల్పం చెడుతుందని తాతయ్య నేర్పాడు కాబట్టి, అలవాటుగా నోటికొచ్చిన మా గోత్రమే చెప్పేశాను. భారద్వాజస గోత్రోద్భవస్య, జూలన్న నామధేయస్య. వాళ్ళిద్దరూ కలిసి వాయిస్తే ఆయన తలనీలాలు నీకు స్వామీ.

పన్నెండో రోజున కబురొచ్చింది, చీరాలలో కలిసి వాయిస్తున్నారని. పదిహేను రోజుల తర్వాత నరసరావుపేటలో రెండోది. మా బావ నన్ను ఎత్తుకుని తిప్పాడు. నాకు మాత్రం సగమే సంతోషం. ఇప్పుడు ఆ జుట్టు ఎవరు అడగాలి?

చీరాలకి వాడరేవు నుంచి చేపలు పట్టే పల్లెకారులు కూడా వచ్చారు. పక్కన నిలబడ్డ ఒకాయన జూలన్న మొదటి తీగ మీటగానే ఏడవడం చూశాను. నేనూ ఏడ్చాను. కానీ పాట ముగిసేటప్పుడే తేడా తెలిసింది. జూలన్న ఆపేశాక కూడా డ్రమ్ములు ఇంకో రెండు ఆవర్తాలు వెళ్ళేవి, చుట్టాన్ని బస్టాండు దాకా సాగనంపి వచ్చినట్టు. ఒక పాటలో ముందే ఆగిపోయాయి. అన్నీ సర్దుకుంటుండగా స్టేజీ వెనక మాటలు విన్నాను.

"ముగించేటప్పుడు తల ఊపుతానన్నావుగా బావా" అంటున్నాడు దరువు బావ.

"ఊపాను."

"నువ్వు ఊపనిదెప్పుడు?"

"నీకు చూడ్డం చేతకాక నన్నంటావేం?"

"నరసరావుపేటలో కూడా ఇదే వరసైతే, ఈ డ్రమ్ములు మా రైతుకిచ్చేస్తా. మిరపకాయలు పోసుకుంటాడు."

నాకు వెంటనే అర్థమైంది. స్వామి గుర్తుచేస్తున్నాడు. మొక్కు తీరలేదు, అందుకే పొత్తు బెడిసికొడుతోంది. మా ఇంటి దొడ్లో నిలబడితే కోటప్పకొండ కనిపిస్తుంది. ఆ వారమంతా పళ్ళు తోముకుంటూ దానికి వీపు పెట్టి నిలబడ్డాను. తాతయ్యతో చెప్పే ధైర్యం లేదు. "మొక్కంటే బేరం కాదురా, మాట" అని భజనకొచ్చిన ప్రతివాడికీ చెప్పే మనిషి ఆయన. చివరికి గుంటూరు వెళ్ళే పాసింజరెక్కి, జూలన్న ఉండే నల్లపాడులో దిగాను.

తలుపు తీసింది ఆయన భార్య. ఎవరని అడిగితే అభిమాన సంఘం అధ్యక్షుణ్ణని చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. లోపలికి తిరిగి, "ఏమండీ, సంఘంవాళ్ళు వచ్చేశారు" అంది, పోలీసులు వచ్చారన్నట్టు. చాలాసేపటికి జూలన్న బయటికొచ్చాడు. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"కూర్చో తమ్ముడూ. కోప్పడకుండా వింటానంటే ఒక సంగతి చెప్తాను."

"నేనూ ఒకటి చెప్పాలన్నా. మీరే కోప్పడకూడదు."

"ముందు నాది విను" అని తువ్వాలు తీసేశాడు.

గుండు. నున్నగా, గంధం రాసిన గుండు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి దానిమీద పడుతోంది.

"మూడేళ్ళ నుంచీ ఇది పుట్టింటికి పోలేక కుమిలిపోతోంది" అన్నాడు, భార్య వైపు చూడకుండా. "మా బావ ఈ గడప తొక్కితే తలనీలాలిస్తానని మొక్కుకున్నా. చీరాల నుంచి వచ్చిన మర్నాడే వచ్చాడు."

"పోట్లాడ్డానికొచ్చాడు" అంది ఆవిడ.

"పోట్లాడ్డానికే. గడప తొక్కాడా లేదా? మొక్కులో అంతవరకే అన్నాను." మళ్ళీ నా వైపు తిరిగాడు. "నాలుగు రోజులుగా వీధిలోకి పోలేదు. మీ కుర్రాళ్ళంతా ఈ జుట్టు కోసమే వస్తారాయె. మీ మొహాలెలా చూడాలా అని."

నేను అరుగు మీద కూలబడి నవ్వాను. ఏడ్చాను కూడా అనుకుంటాను, ఎందుకంటే ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి మొత్తం చెప్పేశాను, కొండ, సంకల్పం, గోత్రం అన్నీ.

జూలన్న తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. "నా నెత్తి మీద మొక్కుకోడానికి నువ్వెవడివిరా" అన్నాడు మెల్లగా. తమ్ముడు కాస్తా ఒరేయ్‌లోకి దిగింది. "అసలు నా గోత్రమేంటో తెలుసా?"

"తెలీదన్నా. మీ గోత్రమేంటి?"

ఆయన భార్య వైపు చూశాడు. "మనదేంటే?"

"పెళ్ళిలో పంతులుగారు మూడుసార్లు చెప్పారు. మీరు గిటారు ఎక్కడ పెట్టారోనని వెతుక్కుంటున్నారు" అంది ఆవిడ.

తిరుగు బండిలో నా అంత తేలికైన మనిషి ఇంకొకడు లేడు. జుట్టు స్వామికి చేరింది, ఎవరి మొక్కు కింద చేరితేనేం? ఆ ధైర్యంతో ఇంటికెళ్ళి తాతయ్యకి కూడా చెప్పేశాను. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూ అంతా విన్నాడు.

"జూలన్న నామధేయస్య అన్నావా?"

"అన్నాను తాతయ్యా."

"అది మారుపేరు, చెల్లదు. ఆయన గుండు ఆయన మొక్కుకి పోయింది. నీ సంకల్పంలో చెల్లేది గోత్రమొక్కటే. అది మనది." ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "నాకు పిలక మిగిలింది. మీ నాన్నకి అదీ లేదు. గోత్రంలో జుట్టున్నవాడివి నువ్వొక్కడివే."

మర్నాడు కల్యాణకట్టలో మధ్య పాపిడి నా ఒళ్ళో పడింది. మా బావ పక్కనే నిలబడి తన ఉంగరాల జుట్టు సవరించుకుంటూ నాకు ధైర్యం చెప్పాడు.

కచేరీ రోజు సాయంత్రం నరసరావుపేటలో తెర లేవగానే జనం గుసగుసలు మొదలుపెట్టారు. "గిటారు పట్టుకున్న ఆ పంతులుగారెవర్రా" అని నా వెనక ఎవరో అడిగారు. జూలన్న భార్య మొదటి వరసలో పుట్టింటివాళ్ళ మధ్య కూర్చుని ఉంది. పాట మొదలైంది. మధ్యలో జూలన్న గిటారు అందుకున్నాడు, ఎప్పటిలాగే ఎక్కడికో వెళ్ళిపోయాడు. నా కళ్ళు మాత్రం దరువు బావ చేతుల మీదే ఉన్నాయి. ఆ కర్రలు కింద పెడితే ఇక అంతే. జూలన్న ఊగుతున్నాడు, కానీ విదిలించడానికి జూలు లేదు. ఉన్నట్టుండి ఒక్కసారి, స్పష్టంగా, దీపాల వెలుగులో ఆ గుండు కిందికి వంగి లేచింది. గిటారు, డ్రమ్ములు ఒక్క దెబ్బకి ఆగిపోయాయి.

మూడేళ్ళలో మొదటిసారి ఆ ఇద్దరూ ఒకేచోట ఆగారు. జనం లేచి నిలబడ్డారు. దరువు బావ మైకు తనవైపు లాక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ముగించమని తల ఊపుతున్నాడో, ఊరికే ఊపుతున్నాడో తెలిసి చచ్చేది కాదు. ఇవాళ కనబడింది బావా. ఇలాగే ఉండు" అన్నాడు. మొదటి వరసలో ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

స్వామి నన్ను చూసి నవ్వుకున్నాడని మొదట్లో అన్నది అందుకే. నేను ఆ జుట్టు కానుకనుకున్నాను. ఆయనకి అది అడ్డమని తెలుసు.

జూలన్న ఆ తర్వాత మళ్ళీ జుట్టు పెంచలేదు. పేరు మాత్రం జూలన్నే. నా మధ్య పాపిడి కొన్నాళ్ళకి తిరిగొచ్చింది, కొన్నేళ్ళుండి, ఎవరూ మొక్కకుండానే తనంతట తనే వెళ్ళిపోయింది. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే కనిపించేది తాతయ్య, పిలక లేకుండా. ఆ పాసింజరు బండిలో నవ్వుకుంటూ కూర్చున్న పంతొమ్మిదేళ్ళవాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడంత ధైర్యంగా ఎవరి నెత్తి మీదైనా మొక్కుకునే చనువు దేవుడితో నాకిప్పుడు లేదు.

ఈ మధ్య జూలన్నకి వేళ్ళు వణుకుతున్నాయట. దరువు బావకి మోకాళ్ళు పట్టేశాయి. అయినా జూలన్న మనవరాలి పెళ్ళికి ఒక్క పాట కలిసి వాయించాలని ఇద్దరికీ ఉంది. మీరూ నాతోపాటు ఒక్కసారి కళ్ళు మూసుకుని, స్వామీ, ఆ పాట ఇద్దరూ కలిసి మొదలుపెట్టి కలిసి ముగించేలా చూడు అని దణ్ణం పెట్టండి. గోత్రనామాలు అక్కర్లేదు, ఆయనకి తెలుసు. ఒకవేళ మొక్కుకోవాలనిపిస్తే మాత్రం మీ జుట్టు మీదే మొక్కుకోండి. మా గోత్రంలో ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.