వెనక సీట్లో కరుణమ్మ గారు

కొత్త టైరు కింద నిమ్మకాయ నలిగినప్పుడు వచ్చే వాసన ఇంకెక్కడా రాదు. పులుపూ, రబ్బరూ, కాస్త పెట్రోలూ, పక్కనే కొట్టిన కొబ్బరికాయ నీళ్లూ కలిసిన వాసన అది. మొన్న మా బడికి కొత్తగా వచ్చిన అనూష టీచరు స్కూటర్ కొనుక్కుని, నెల్లిమర్లలో అమ్మవారి గుడి ముందు పూజ చేయిస్తూ నన్ను కూడా రమ్మంది. చుట్టూ అందరూ నవ్వుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే గబగబా వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను. "ఏటి మేడమ్, అలగైపోనారు?" అని అనూష కంగారుపడింది. ఏమని చెప్పను? ఆ పిల్ల కరుణమ్మ గారిని చూడలేదు. చూడని వాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా భయం గురించి చెప్పాలి.

మా నాన్న మా ఊరు నెల్లిమర్లలోని జూట్ మిల్లులో పనిచేసేవారు. నేను పదో తరగతిలో ఉండగా, రామతీర్థంలో మా మేనత్తను చూసి సైకిల్ మీద తిరిగి వస్తుంటే దారిలో కల్వర్టు దగ్గర లారీ తగిలి పోయారు. ఆ తర్వాత మా ఇంట్లో రోడ్డంటే ప్రాణం తీసే పామే. నేను కాలేజీ నుంచి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోంచి లేచేది కాదు. నా సంగతీ అంతే. వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తే చాలు, రోడ్డు దిగి తుప్పల్లోకి వెళ్లి నిలబడేదాన్ని. చూసినవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, బతికుంటే చాలనుకునేదాన్ని.

అలాంటి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు ఎక్కడో కాదు, సరిగ్గా ఆ దారిలోనే, రామతీర్థం దాటాక జీడితోటల మధ్య ఉన్న చిన్న ఊళ్లో. ఆ బడికి ఇద్దరమే టీచర్లం, నేనూ, హెడ్మిస్ట్రెస్ కరుణమ్మ గారూ. ఆవిడది బాప్టిస్టు మిషను కుటుంబం. నెల్లిమర్లలోనే చర్చి వెనక వీధిలో ఒక్కరే ఉండేవారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నేత చీర, బొట్టు లేని నుదురు, నవ్వితే కళ్లు కనబడనంత నవ్వు. పాత మోపెడ్ మీద బడికి వచ్చేవారు. అప్పట్లో మా వైపు హెల్మెట్ పెట్టుకునే ఆడమనిషిని నేను ఆవిడనొక్కరినే చూశాను. ఊరివాళ్లు చాటుగా "కుండ టీచరమ్మ" అనేవారు. అది ఆవిడకూ తెలుసు. "కుండ పగిలితే ఇంకోటి కొనుక్కుంతాను. తలకాయ మీలో ఎవలిస్తారో సెప్పండి" అని వాళ్లనే ఎదురు ఆటపట్టించేవారు.

నేను ఆటోలో రామతీర్థం దాకా వెళ్లి, అక్కడి నుంచి తోటల పక్కన నడిచేదాన్ని. జనం నిండితే గాని ఆటో కదలదు. నేను చెమటలు కక్కుకుంటూ చేరేసరికి పిల్లల ప్రార్థన అయిపోయి ఉండేది. కరుణమ్మ గారు ఒక్క మాట అనేవారు కాదు. ఒకరోజు మాత్రం బడికి తాళం వేస్తూ అన్నారు. "వచ్చే ఏడు నాను రిటైరైపోతాను జయా. అప్పుడీ తాళంసెవి నీ సేతిలో ఉంటాది. నువ్వొచ్చేదాకా పిల్లలు గేటుకాడ ఎండలో నిలబడాల. బండి కొనుక్కో." ఇంటికొచ్చి అమ్మకు చెబితే, అన్నం కలుపుతున్నది కాస్తా చెయ్యి కడిగేసుకుంది. "మీ నాయిన్ని మింగీసినాది సాల్దా ఆ రోడ్డుకి? ఉద్యోగం మానీ. ఇంటికాడ ట్యూషన్లు సెప్పుకో. గంజి తాగైనా బతుకుతాం" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపించింది. రాజీనామా ఎలా రాయాలో మనసులో రాసుకున్నాను కూడా.

ఆవిడ నన్ను వదిలితేగా! వరి కోతలైన మడిలోకి తీసుకెళ్లి, సాయంత్రాలు తన మోపెడ్ నా చేతికిచ్చారు. నేను హ్యాండిల్ పట్టుకుంటే నా వణుకుకి అద్దాలు కూడా వణికేవి. "బయమేస్తాందా?" అని అడిగారు. "ఏస్తందండి" అన్నాను, ఇక వదిలేస్తారని ఆశగా. "మంచిదే. బయం లేనోళ్ల ఎనక నాను ఎక్కను" అన్నారు. నాకది వింతగా తోచింది. అప్పటిదాకా అందరూ నన్ను భయపడొద్దనే అన్నారు. భయపడుతూనే నడపొచ్చని ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు వణుకుతూనే మడి చుట్టూ తిప్పగలిగాను.

అమ్మను ఒప్పించడానికి కూడా ఆవిడే మా ఇంటికొచ్చారు. అమ్మ చివరికి, "అమ్మోరికాడ పూజ సేయించాకే అది రోడ్డెక్కాల టీచరమ్మగారూ. మీరూ రావాల. నాకు దైర్యం సాల్దు" అంది. కరుణమ్మ గారు అమ్మ చెయ్యి పట్టుకుని, "తప్పకుండా వస్తాను వదినా. మీ అమ్మోరికి మీరు సెప్పుకోండి, నా ప్రబువుకి నాను సెప్పుకుంతాను. ఎవలు ఇన్నా మనకి మంచిదే" అన్నారు.

భయం ఒక్కటే ఉందంటే అబద్ధమవుతుంది. ఆశ కూడా ఉంది, బోలెడంత. షోరూంలో ఇచ్చిన రంగుల కాగితం తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. ఎరుపు మాట ఎత్తవద్దంది అమ్మ, ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. లేత నీలం తీసుకున్నాం. సీటు మీద ఇంకా తియ్యని ప్లాస్టిక్ కవరు, వేలు పెడితే మరక పడేంత మెరుపు. షోరూంలోనే దాని మీద కూర్చుని అద్దంలో చూసుకున్నాను. అందులో ఉన్న మనిషి లారీ హారన్‌కు తుప్పల్లోకి పరిగెత్తే మనిషిలా లేదు. కాసేపు ఆమెనే నమ్మాను.

షోరూం కుర్రాడే బండిని గుడి దాకా నడిపి తెచ్చాడు. పూజారి గారు పసుపు రాసి, బొట్లు పెట్టి, మందారాల దండ వేసి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. "ఎక్కి తొక్కించండమ్మా" అన్నారు. బండిని జానెడు ముందుకు కదిపితే నిమ్మకాయలు నలుగుతాయి, దిష్టి పోతుంది, అంతే పని. అమ్మ హారతి పళ్లెంతో ఎదురుగా నిలబడింది. ఆ పక్కన కరుణమ్మ గారు. నేను యాక్సిలరేటరు తిప్పాను. బండి కదల్లేదు, నిమ్మకాయ అడ్డం పడుతోంది. ఇంకాస్త తిప్పాను. కదల్లేదు. చుట్టూ జనం చూస్తున్నారన్న సిగ్గుతో, భయంతో, మణికట్టు మొత్తం తిప్పేశాను. నిమ్మకాయలు చితికాయి. బండి ఒక్కసారిగా దూకింది. ఎదురుగా హారతి వెలుగు, దాని వెనక అమ్మ మొహం. బ్రేకు అన్నది ఒకటుందని నా చేతులకు గుర్తు రాలేదు.

కరుణమ్మ గారు అమ్మను పక్కకు తోసేశారు. ఆ ఊపులో తానే నేల మీద పడ్డారు. బండి ఆవిడ పక్కనుంచి వెళ్లి గుడి అరుగును కొట్టుకుని ఒరిగిపోయింది. కర్పూరం రాళ్ల మీద పడి వెలుగుతూనే ఉంది. నాకు దెబ్బ తగల్లేదు, బండికి హెడ్‌లైటు అద్దం పగిలింది. ఆవిడ ఎడమ మణికట్టు మాత్రం వంకరగా వేలాడుతోంది. నాన్న ఎలా పోయారో అమ్మ కూడా అలాగే, అదీ నా చేతుల్లో, పోయి ఉండేదన్న ఆలోచన వచ్చి నాకు వాంతి అయింది. అమ్మ ఏడవలేదు. గుడి వైపు చూస్తూ, "అమ్మోరే వద్దంతన్నాది" అంది మెల్లగా. కరుణమ్మ గారు మట్టిలో కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నొప్పికి పళ్లు బిగించి కూడా జవాబిచ్చారు. "వద్దనలేదు వదినా. బ్రేకు నొక్కమన్నాది."

ఆవిడ చేతికి సిమెంటు కట్టు వేశారు. మా బండిని వసారాలో పెట్టి అమ్మ పాత దుప్పటి కప్పేసింది, శవానికి కప్పినట్టు. దానివైపు చూడాలంటే భయమేసి నేను పెరటి దారిన తిరిగేదాన్ని. మళ్లీ ఆటో, మళ్లీ నడక. రాజీనామా కాగితం ఈసారి నిజంగానే రాసి సంచిలో పెట్టుకున్నాను.

దాన్ని బయటికి తీసే అవకాశం రాలేదు. ఒక ఉదయం మా గుమ్మం ముందు కరుణమ్మ గారు నిలబడి ఉన్నారు. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. కుడి చేతికి రెండు హెల్మెట్లు వేలాడుతున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. "జయా, బండి తియ్యి. నా మోపెడ్ ఒంటి సేత్తో నడవదు. ఆటోల్లో కుదుపులకి సెయ్యి పీకేస్తాంది. ఈరోజు నుంచి నువ్వే నన్ను బడికి తీసుకెల్లాల" అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఆ కట్టు వైపు చూసింది. తన కోసం విరిగిన చెయ్యి అది. అమ్మ దగ్గరకు వచ్చి, ఆ సిమెంటు కట్టు మీద వేళ్లతో ఒకసారి తడిమి, వెనక్కి వెళ్లి తనే దుప్పటి తీసింది. "ఇదిగో, నీ కుండ" అని కరుణమ్మ గారు కొత్త హెల్మెట్ నా తలకు పెట్టారు.

ఎక్కేముందు ఆవిడ అద్దాలు రెండింటినీ కాస్త బయటికి తిప్పారు. "ఎనకొచ్చే బండి కనిపించాల గాని, నా మొకమెందుకు నీకు?" అన్నారు. తర్వాత ఒక పక్కకు కూర్చుని కుడి చెయ్యి నా భుజం మీద వేశారు. లారీ ఎదురైతే ఒళ్లు రాయయ్యేది. మెల్లగా వెళ్లమనో, జాగ్రత్త అనో ఆవిడ అంటారని ఎదురుచూశాను. అనలేదు. ఉండబట్టలేక, "ఏటైనా సెప్పండి మేడమ్" అన్నాను. "ఏటి సెప్పాల? రోడ్డు నువ్వు సూస్తన్నావు కదా" అన్నారు. కల్వర్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం నా చేతులు పనిచెయ్యలేదు. బండి ఆపేశాను. మా నాన్న పడిన చోటు అది. ఆవిడకు తెలుసు. దిగి, నా పక్కన నిలబడ్డారు. నేను ఏడ్చినంతసేపూ నిలబడే ఉన్నారు. ఆ తర్వాత, "నడుద్దామంటే నడుద్దాం, ఎక్కుదామంటే ఎక్కుదాం. ఎలగైనా నీ కూడానే ఉంతాను. నడిస్తే మాత్రం బడికి ఆలీసమైపోద్ది" అన్నారు. ఎక్కాం.

కట్టు విప్పాక కూడా ఆవిడ మోపెడ్ ముట్టలేదు, మణికట్టులో మునుపటి బలం రాలేదు. రిటైరయ్యేదాకా రోజూ నా వెనకే వచ్చారు. రోజూ అద్దాలు తిప్పేవారు, రోజూ అదే మాట అనేవారు. బడిలో ఆవిడకు దండ వేసిన రోజు, తిరిగి వచ్చి ఇంటి ముందు దింపుతూ అడిగాను. "మొదట్లో నా ఎనక కూకోడానికి మీకు బయమెయ్యలేదా మేడమ్?" ఆవిడ కళ్లు కనబడకుండా నవ్వారు. "ఎయ్యకపోవడమేటే! నన్ను పడగొట్టిన పిల్లవి నువ్వు. ఇంటికెల్లి తలుపేసుకున్నాక కూడా కాళ్లు ఒణికేవి. దారంతా కళ్లు మూసుకుని ప్రార్దన సేసుకునేదాన్ని." "మరి నాకెప్పుడూ తెలీలేదు?" అన్నాను. "ఎలగ తెలుస్తాది? అద్దాలు తిప్పీసినాను కదా" అన్నారు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. కబురు తెలిసిన ఉదయం నేను బండి తీస్తుంటే, అన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కని అమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చింది. వచ్చి వెనక కూర్చుంది. చర్చి దాకా నా భుజం మీద అమ్మ గోళ్లు దిగిపోయాయి. అక్కడ కరుణమ్మ గారి ఎడమ మణికట్టు మీద చెయ్యి వేసి, అమ్మ చాలాసేపు అలాగే నిలబడింది. నాకు ఇప్పటికీ రోడ్డంటే భయమే. అది పోలేదు, పోతుందని అనుకోవడం కూడా మానేశాను. ఆ భయంతోనే రోజూ కల్వర్టు దాటి వెళ్లి బడి తాళం తీస్తున్నాను.

మొన్న పూజ అయిపోయింది. అనూష నిమ్మకాయల్ని నా కంటే బాగా తొక్కించింది. బండిని రోడ్డు మీదికి తెచ్చి ఆపి, "మొదట మీరే ఎక్కాల మేడమ్" అంది. ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. అటుగా లారీలు పోతున్నాయి. ఒక లారీ పూర్తిగా దాటేదాకా నేను కదల్లేదు. దగ్గరకు వెళ్లి అద్దాలు రెండూ బయటికి తిప్పి, వెనక కూర్చుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాను. బండి కదిలింది.

"మీరు ఎనక ఉంటే నాకు దైర్యం మేడమ్" అంది అనూష, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నా మొహం ఆ పిల్లకు కనిపించలేదు.